వాకర్ వారి రెండు ఇళ్ళు: ఇబ్రహీంపట్నం నుంచి బందరు దాకా

గవర్నర్‌పేట

నా పుస్తకంలో నలభై ఏళ్ళుగా ఒక్క కొట్టివేత కూడా లేదు. గొప్పకు చెప్పడం లేదు. ఈ ప్రయాణం ఎందుకు చేయవలసి వచ్చిందో తెలియాలంటే ముందు ఈ సంగతి తెలియాలి. గట్టి అట్ట వేసి కుట్టించిన ఆ పుస్తకంలో మా వంశవృక్షం ఉంది. పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు, ఎవరు పోతే ఎవరికి ఎన్ని రోజులు మైల వచ్చిందీ, ఆ మైల వల్ల ఏ పండుగ మానుకున్నదీ అంతా నా చేతివ్రాతలో ఉంది. పదవీ విరమణ చేసేనాటికి నేనొక కార్యాలయంలో రికార్డు గదికి బాధ్యుణ్ణి. కాగితం చూడనిదే నోరు విప్పని అలవాటు అక్కడే అబ్బింది.

మా ఇంటిపేరు వాకర్. అవును, ఆంగ్లేయుల పేరే. మేము నేతపని వారం, హిందువులం. మూడు తరాల కిందట మగ్గం విడిచి బెజవాడ వచ్చి బట్టల వ్యాపారంలోనూ ఉద్యోగాల్లోనూ స్థిరపడ్డాం. నా పూర్తి పేరు వాకర్ లక్ష్మీనరసయ్య. ఈ పేరు చెప్పిన ప్రతిచోటా నాకు విచారణ తప్పలేదు. ఆసుపత్రిలో చీటీ రాసే అమ్మాయి, "అసలు ఇంటిపేరు చెప్పండి సార్" అంది. బ్యాంకులో ఒకాయన, "మతం మారి మళ్ళీ వచ్చారాండీ?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి తన తండ్రి పేరుకు వీధిలో నిలబడి సంజాయిషీ ఇచ్చుకోవాలా?

మా నాన్నగారు చెప్పిన చరిత్ర ఇది. పూర్వం బందరులో బట్టలు కొని ఓడలకెక్కించే వాకర్ అనే దొర ఉండేవాడు. మా మూలపురుషుడు నేసిన తానులో ఒక్క పోగు తక్కువ వచ్చేది కాదు. దొర మెచ్చి, "ఇకనుంచి నా పేరు నీ ఇంటిపేరు" అన్నాడట. దీని మీద నేనొక తర్కం కట్టాను. దొర మెచ్చి పేరిచ్చింది ఒక్కడికి. కాబట్టి వాకర్ వారెక్కడ కనబడినా ఆ ఒక్కడి సంతతే. ఇంటిపేరు ఒకటైతే దాయాదులు, దాయాదుల పిల్లలు అన్నాచెల్లెళ్ళు. అటువంటి ఇళ్ళ మధ్య పెళ్ళి మాటే ఉండదు. తెలుగు ఇళ్ళలో ఇది ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేని నియమం.

నలభై ఏళ్ళ కిందట ఇబ్రహీంపట్నం నుంచి ఒక యువకుడు ఏదో నకలు కోసం మా కార్యాలయానికి వచ్చాడు. అర్జీ మీద పేరు చూశాను: వాకర్ వీరరాఘవయ్య. లేచి బల్ల దాటి వెళ్ళి అతని భుజం పట్టుకున్నాను. తండ్రి చిన్నప్పుడే పోయాడట. గోత్రం అడిగితే తెలియదన్నాడు. "వాకర్ వారైతే శౌనక గోత్రమే" అని చెప్పి, చీటీ మీద రాసి ఇచ్చాను. ఆ రోజునుంచి అతను నన్ను అన్నయ్యా అంటాడు, నేనతన్ని తమ్ముడూ అంటాను. మా వృక్షంలో వాళ్ళ కొమ్మ కలిసింది.

ఇప్పుడు మా సొంత తమ్ముడి మనవరాలు ప్రవల్లిక, రాఘవయ్య మనవడు సాకేత్ పెళ్ళి చేసుకుంటామంటున్నారు. రెండిళ్ళలోనూ పెద్దవాళ్ళు చెవులు మూసుకున్నారు. ఆషాఢం వెళ్ళగానే, శ్రావణం మొదటి శుక్రవారం, ప్రవల్లికను చూడటానికి వేరే సంబంధం వాళ్ళు వస్తారని వాళ్ళ నాన్న చెప్పాడు. ఆ సాయంత్రం పిల్ల నా ఎదుట కూర్చుంది. ఏడవలేదు, అరవలేదు.

"పెదతాతయ్యా, మీ పుస్తకం తప్పయితే?"

"నా పుస్తకమా?"

"కోప్పడకండి. ఆ ఇంటికీ ఈ ఇంటికీ మూలపురుషుడు ఒకడేనని సాక్ష్యం చూపించండి చాలు. చూపిస్తే శుక్రవారం వచ్చేవాళ్ళకి నేనే కాఫీ ఇస్తాను. చూపించలేకపోతే మీరే మా నాన్నతో మాట్లాడాలి."

ఉద్యోగంలో ఉండగా ఒక్క అధికారి కూడా నా రికార్డును అలా ప్రశ్నించలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుతూనే పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, సాక్ష్యానికి పనికొస్తుందని మా ఇంటి పాత గుడ్డ ఒకటి కూడా సంచిలో పెట్టుకుని బయలుదేరాను. పుస్తకం సరైనదని రుజువు చేయడానికే బయలుదేరానని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఇబ్రహీంపట్నం

ఈ ఊళ్ళో దారి అడగనక్కరలేదు. విద్యుత్కేంద్రం గొట్టాలు ఎటు ఉన్నాయో చూసుకుంటే దిక్కులు తెలుస్తాయి, పొగ ఎటు వాలిందో చూస్తే గాలి తెలుస్తుంది. రాఘవయ్య బట్టల కొట్టు రోడ్డు మీదే ఉంది, ఇల్లు వెనక. అతనికిప్పుడు డెబ్బై దాటాయి. బట్టతల, బొజ్జ, ఎప్పుడూ నవ్వే నోరు. ఊరంతా ఆగి పలకరించే మనిషి. నన్ను పలకరించేవాళ్ళు ముందు వాచీ చూసుకుంటారు.

"రా అన్నయ్యా! మన పిల్లలిద్దరూ మన పరువు కృష్ణలో కలిపారుగా!" అన్నాడు, అదేదో శుభవార్త అయినట్టు.

భోజనంలో గోంగూర పచ్చడి, ఉల్లిపాయ ముక్క, ములక్కాడ సాంబారు, ఊర మిరపకాయలు. గవర్నర్‌పేటలో మా ఇంట్లో కొలత గిన్నెతో అన్నం వండుతారు. ఇక్కడ వెంకాయమ్మ, అంటే రాఘవయ్య భార్య, వచ్చినవాళ్ళను లెక్కపెట్టకుండా వండుతుంది. నాలుగోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"బావగారు మనసులో ఏదో పెట్టుకుని తింటున్నారు. అందుకే ముద్ద దిగటం లేదు," అందామె.

సంగతి చెప్పాను. మీ ఇంట్లో పాత కాగితమేదైనా ఉందా అని అడిగాను. కాగితం లేదు. వెంకాయమ్మ పెట్టె తెరిచి ఒక ముతక గుడ్డ తీసింది. వాళ్ళ ఇంట్లో బాలసారెనాడు ప్రతి బిడ్డనూ ఒక్కసారి ఆ గుడ్డ మీద పడుకోబెట్టి తీస్తారట. రాఘవయ్య ముత్తాత నేసిందట. దాని కొసన, అంచుకు అడ్డంగా, మూడు నీలం పోగులున్నాయి.

నా సంచిలోనూ ఒక గుడ్డ ఉంది. మా ఇంట పెళ్ళిపీటల మీద పరిచేది, మా ముత్తాత చేతిది. దాన్నీ తీసి పక్కన పరిచాను. మా గుడ్డ కొసన రెండు ఎర్ర పోగులు, నడుమ ఒక నల్ల పోగు.

"ఏ రంగు నూలు దొరికితే ఆ రంగు వేసుంటారులే అన్నయ్యా. పంచెకొసల మీద కూడా పంచాయితీ ఏమిటి?" అన్నాడు రాఘవయ్య.

నాకు మాత్రం ఆ నీలం పోగులు మింగుడు పడలేదు. వంద మాటలు చెప్పినా నమ్మను గానీ, వస్తువును చూడనట్టు నటించడం నా వల్ల కాదు. వెంటనే లేచి చెప్పులు వేసుకున్నాను.

"అప్పుడేనా! కాస్త నడుం వాల్చు."

"తేలేదాకా నడుం వాలదు."

"అయితే నేనూ వస్తా. నలభై ఏళ్ళు నీ వెనక మైలలు పట్టిన వాణ్ణి, రెండు రోజులు బస్సు పట్టలేనా?" అని చొక్కా తొడుక్కున్నాడు. ఆ బాలసారె గుడ్డను మడిచి భుజాన వేసుకున్నాడు.

వన్ టౌన్

ఆషాఢంలో వన్ టౌన్‌కు వెళ్ళవద్దని నేనెవరికైనా సలహా ఇస్తాను. పెళ్ళిళ్ళు లేని నెల కాబట్టి కొట్లవాళ్ళు తగ్గింపు ధరల పేరుతో సగం విజయవాడను ఆ ఇరుకు వీధుల్లోకి దించుతారు. "ఒకటి కొంటే రెండండీ!" అని మైకులో అరుస్తున్నాడొకడు. ఆ ఒకదానికి చెప్పే ధర నిరుడు రెండింటికి చెప్పిందే. తోపుడు బండి ఒకటి నా మడమ మీదుగా వెళ్ళింది. "చూసుకోండి తాతగారూ" అని బండివాడే నన్ను మందలించాడు.

టోకు బట్టల వ్యాపారి ఒకాయన రాఘవయ్యకు సరుకు ఇస్తాడు. మూడు తరాల కొట్టు. పరుపుల మీద కూర్చోబెట్టి సోడా తెప్పించాడు. గుడ్డలు రెండూ చూపించాను. వాటిని వేలితో రాసి చూసిన తీరులోనే తెలిసింది, ఈయనకు బట్ట తెలుసునని.

"ఇవి ఇంటి గుర్తులండీ. చూసి ఎన్నాళ్ళయిందో!" అన్నాడు. "వెనకటికి పది ఇళ్ళ తానులు ఒకే మూటలో వచ్చేవి. ఏ తాను ఎవరిదో తెలియాలిగా? ఒక్కో ఇల్లు ఒక్కో రకంగా కొసపోగులు వేసేది. మా తాతగారు కళ్ళజోడు తీసేసి కూడా ఫలానా వాళ్ళ మగ్గం అని చెప్పేవారు. ఇప్పుడు ఆ పని యంత్రం చేస్తోంది, బీప్ అని."

"గుర్తు ఇష్టం వచ్చినట్టు మార్చుకునేవారా?" అన్నాను.

"భలేవారే! తండ్రి గుర్తు కొడుకుది. అన్నదమ్ములు వేరుపడినా గుర్తు ఒకటే. మారిస్తే పరువు పోయినట్టు."

రాఘవయ్య సోడా తాగడం ఆపాడు. నేను జేబులోని చిన్న పుస్తకంలో ఆ మాటను ఆయన పేరుతో సహా రాసుకుని, చదివి వినిపించి, సరేననిపించుకున్నాను. ఆయన, "కోర్టు కేసాండీ?" అని భయపడ్డాడు. కాదు, పెళ్ళి అంటే ఇంకా భయపడ్డాడు.

"నాకింతకంటే తెలియదండీ. పెడనలో మాణిక్యమ్మగారని ఉన్నారు. ఎనభై దాటాయి. ఏ గుర్తు ఎవరిదో చెప్పగలిగింది ఇప్పుడు ఆవిడ ఒక్కరే."

బయటికి వస్తే మెట్ల మీద నా చెప్పులు లేవు. వాటి స్థానంలో ఒకటి గోధుమరంగు, ఒకటి నలుపు, రెండూ ఎడమకాలివే మిగిలాయి. తొందరలో ఎవరో తమకు దొరికినవి తొడుక్కుని పోయారు. కొత్తవి కొనడానికి రాఘవయ్య ఆగమన్నా ఆగలేదు. బస్సు కదిలిపోతుందని ఆ రెండు ఎడమకాళ్ళతోనే నడిచాను.

"చూశావా అన్నయ్యా, ఒక మెట్టు మీద ఉన్నంత మాత్రాన జత కాదు," అన్నాడు వెనకనుంచి. నేను నవ్వలేదు.

పెడన

పెడన చేరేసరికి సన్నగా వాన. ఊరు కనబడేలోగా వినబడుతుంది. కలంకారీ అద్దకం వాళ్ళు చెక్క అచ్చును బట్ట మీద ఆనించి పిడికిలితో గుద్దే చప్పుడది. ఇంటింటా అదే, ఎవరి లయ వారిది. అద్దకం గుడ్డ మీటరు నూట ఇరవై చెప్పారు. అదే గుడ్డను మా గవర్నర్‌పేటలో చల్లటి అద్దాల కొట్లో మూడు వందలకు కొన్నట్టు నాకు జ్ఞాపకముంది, అది కూడా నా పుస్తకంలో ఉంది. కాలువకు నీళ్ళు వదిలారు. నలుగురైదుగురు మనుషులు మోకాలి లోతున నిలబడి, అద్దిన బట్టలను నీళ్ళలో జాడిస్తూ, కాళ్ళకింద వేసి తొక్కి పిండుతున్నారు. నీళ్ళు కొంత మేర ఎర్రగా పారుతున్నాయి.

బెజవాడలో కొత్తవాడు కనబడితే "ఏ ఫ్లాటండీ?" అంటారు. ఇక్కడ అడిగిన ప్రతివాళ్ళూ "ఎవరి తాలూకండీ?" అన్నారు. ఇటువంటి ప్రశ్న వేసే ఊళ్ళో నా పుస్తకానికి విలువ ఉంటుందని ధైర్యం వచ్చింది.

మాణిక్యమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చిన్న మనిషి, పెద్ద గొంతు. కూర్చోమనకముందే ప్రశ్న వేసింది.

"ఎవరి తాలూకు నాయనా?"

"వాకర్ వారమండీ," అన్నాను, ఎప్పటిలాగే ఎదురు ప్రశ్నకు సిద్ధపడి. ప్రశ్న వచ్చింది, కాని నేను ఎదురుచూసింది కాదు.

"ఏ వాకర్లు?"

 డెబ్బై ఆరేళ్ళలో ఆ ప్రశ్న వేసినవారు లేరు.

"ఏ వాకర్లేమిటండీ? వాకర్ వారంటే ఒక్కరే కదా," అన్నాను.

"ఎవరు చెప్పారు? ఈ ఊళ్ళోనే మూడు వీధులుండేవాళ్ళు. గుడి వీధి వాకర్లు వేరు, కాలవగట్టు వాకర్లు వేరు. చీటికీ మాటికీ కొట్టుకునేవాళ్ళు కూడాను. బందరులో వాకరు దొర గిడ్డంగి ఉండేదట. ఆ గిడ్డంగికి బట్ట వేసిన ఇళ్ళన్నీ వాకర్ ఇళ్ళే. దొర పోయాడు, గిడ్డంగి పోయింది, పేరు మాత్రం మిగిలింది."

"దొర మా పూర్వీకుడి పనితనం మెచ్చి ఇచ్చాడండీ ఆ పేరు!"

ఆవిడ నా ముఖంలోకి జాలిగా చూసింది. "మెచ్చి ఇస్తే ఒకడికి ఇస్తాడు నాయనా. ఆనవాలు కోసం పెట్టేపేరైతే అందరికీ పెడతారు. నీ గుడ్డ ఇటు తే."

రెండు గుడ్డలూ ఒళ్ళో పరుచుకుంది. కళ్ళతో చూడటం కన్నా వేళ్ళతో తడమడమే ఎక్కువ. ఎర్రపోగుల దగ్గర ఆగింది. "ఇది గుడి వీధి వాళ్ళది. శౌనకులు." నీలం పోగులు దొరకగానే ముఖం విప్పారింది. "ఇది కాలవగట్టు. మాండవ్య గోత్రం. ఎవరిదిరా ఇది?"

"మాదేనమ్మా," అన్నాడు రాఘవయ్య మెల్లగా.

"మీ వాళ్ళు మా చిన్నత్తకు పుట్టింటివాళ్ళు. ఆవిడ కాలవగట్టు ఆడపడుచు, గుడి వీధి కోడలు. పుట్టింట వాకరే, అత్తింటా వాకరే. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకునే ఖర్చు లేదని మా మామగారు ఎగతాళి చేసేవాడు."

"అంటే..." నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "అంటే ఈ రెండిళ్ళ మధ్య పెళ్ళిళ్ళు జరిగాయా?"

"జరక్కేం? ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళు. ఎందుకలా నీళ్ళు నములుతున్నావు? పిల్లనివ్వాలా, తెచ్చుకోవాలా?"

రాఘవయ్య పెద్దగా నవ్వాడు. నేను మాత్రం జేబు పుస్తకం తీసి, ఒక్క సాక్షి మాట మీద రికార్డు మార్చడం పద్ధతి కాదనీ, అది వ్యాపారి మాట, ఇది జ్ఞాపకం మాట అనీ, అసలు వాకర్ అన్న పేరు మూలమేమిటో తేలితే తప్ప ఒప్పుకోననీ వాదించాను. ఆవిడ చింతపండు పళ్ళెం పక్కకు జరిపింది.

"మొండివాడివే. బందరులో ఇంగ్లీషు పంతులమ్మ ఉంది, మా మనవరాలికి చదువు చెప్పింది. ఇంగ్లీషు వాళ్ళ పేరు సంగతి ఆవిడ్నే అడుగు. ముందు అన్నం తిని పో. రెండు ఎడమ చెప్పులతో ఎక్కడికి పరుగు?"

పప్పుచారు, వేయించిన అప్పడాలు. ఏం తిన్నానో నాకు సరిగా గుర్తు లేదు, చిన్న పుస్తకంలో రాసి ఉంది కనుక చెబుతున్నాను.

బందరు

పంతులమ్మగారి పేరు మేరీ సుగుణ. కళాశాలలో ఆంగ్లం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నారు. గోడ మీద ఏసుక్రీస్తు పటం, దాని కింద మూడు బీరువాల పుస్తకాలు. ఇంటిపేరు అడిగితే చక్కని తెలుగు ఊరిపేరు చెప్పి నవ్వారు.

"చూశారా? పేరు మేరీ, ఇంటిపేరు పదహారణాల తెలుగు. మీకు పేరేమో లక్ష్మీనరసయ్య, ఇంటిపేరు ఇంగ్లీషు. మనిద్దర్నీ కలిపి ఏ ఫారం నింపినా కంప్యూటరు ఏడుస్తుంది."

మొదటిసారి ఒకరు నా పేరు విని సంజాయిషీ అడగలేదు. ఆవిడ ఆంగ్లేయుల ఇంటిపేర్ల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే లావుపాటి పుస్తకం దించి, కళ్ళజోడు సవరించుకుని, చదువుతూ తెలుగులో చెప్పారు. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.

వాకర్ అనేది వృత్తిని బట్టి వచ్చిన పేరు. పూర్వం ఇంగ్లండులో నేసిన ఉన్ని బట్టను నీళ్ళ తొట్టెలో వేసి, కాళ్ళతో గంటల తరబడి తొక్కేవారు. అలా తొక్కితే బట్ట దగ్గరపడి దళసరి అవుతుంది. ఆ పని చేసేవాణ్ణి ఉత్తరాదిన వాకర్ అనేవారు. అదే పని చేసేవాణ్ణి దక్షిణాదిన ఫుల్లర్ అన్నారు, నైరుతి ప్రాంతంలో టక్కర్ అన్నారు. మూడూ ఇంటిపేర్లయ్యాయి.

"అయితే వాకర్లందరికీ మూలపురుషుడు...?" అన్నాను.

"ఒకడెలా ఉంటాడండీ? బట్ట నేసే ప్రతి ఊళ్ళో తొక్కేవాడు ఒకడుంటాడుగా. ఏ ఊరి వాకర్ ఆ ఊరివాడే. మన దగ్గర ఊరికో కమ్మరి ఉంటే కమ్మరులందరూ ఒక తల్లి బిడ్డలవుతారా? అక్కడ ఇద్దరు వాకర్లు పెళ్ళి చేసుకుంటే ఎవరూ కిక్కురుమనరు."

 పెడన కాలువలో మోకాలి లోతున నిలబడి బట్ట తొక్కుతున్న మనుషులు కళ్ళముందు కనబడ్డారు. మా నాన్నగారు ఎంతో గర్వంగా చెప్పుకున్న దొర ఉన్నాడే, అతని ముత్తాతా అలాగే చలి నీళ్ళలో నిలబడి బట్ట తొక్కినవాడే. మాకు పెద్ద ఇంటి పేరు దక్కిందనుకున్నాం. అది ఒక కూలివాడి కాలి కష్టం పేరు. ముందు కోపం వచ్చింది. ఎవరి మీద కోపగించాలో తెలియక ఆ కోపం కాసేపు నాలోనే తిరిగింది. తరువాత, ఇది అవమానం కాదనిపించింది. దొరా మేమూ బట్ట దగ్గరే కలిశాం. అయితే అది నా తర్కాన్ని నిలబెట్టదు. ఆ దేశంలోనే ఒక్క మూలం లేని పేరు, గిడ్డంగి గుమ్మం దాటి మా ఇళ్ళకు వచ్చేసరికి ఒక్క మూలాన్ని ఎక్కడనుంచి తెస్తుంది?

ముగ్గురు సాక్షులు. మూడూ ఒకే మాట.

బయటికి వచ్చి హల్వా కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాం. బందరు హల్వా నేతిలో తేలుతూ నల్లగా నిగనిగలాడుతుంది, నోట్లో వేసుకుంటే పంటికి పని ఉండదు. రాఘవయ్యకు తీపి ప్రాణం. ఆకులో పెట్టిన హల్వా అలాగే ఉంది.

"పిల్లల అదృష్టం బాగుంది," అన్నాను.

"బాగుంది." తల తడుముకున్నాడు. "మీ నాన్నగారు పోయినప్పుడు నేను గుండు గీయించుకున్నాను అన్నయ్యా. ముప్ఫై అయిదేళ్ళు నాకప్పుడు. ఒత్తయిన జుట్టు. మళ్ళీ రాలేదు."

"ఆ సంగతి పుస్తకంలో ఉంది."

"మీ పెద్దమ్మ పోయినప్పుడు మైలని ఉగాదికి కొట్టు తెరవలేదు. అదీ ఉందా?"

"ఉంది."

"వాటికి బాధ లేదులే. జుట్టు ఎలాగూ పోయేదే." ఆకును కొంచెం పక్కకు జరిపాడు. "నాన్న మొహం నాకు గుర్తులేదు. సంకల్పంలో గోత్రం చెప్పమంటే నోరు వెళ్ళబెట్టే వాణ్ణి. నువ్వు బల్ల దాటొచ్చి భుజం మీద చెయ్యి వేసిన రోజు, ఇంటికి పోయి వెంకాయమ్మతో చెప్పాను, మనకూ మనుషులున్నారే అని. ఇప్పుడు నేను మీకేమీ కానన్నమాట."

దీని గురించి నా దగ్గర రాసిపెట్టుకున్నది ఏమీ లేదు. అతని ఆకు మీద హల్వా ముక్క తీసి అతని చేతిలో పెట్టాను. తిన్నాడు. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. నిద్ర కాదని నాకు తెలుసు. గురకపెట్టని రాఘవయ్యను నలభై ఏళ్ళలో నేను చూడలేదు.

మళ్ళీ గవర్నర్‌పేట

ఇంటికి చేరగానే చొక్కా కూడా మార్చుకోకుండా అటక మీది ట్రంకుపెట్టె దింపించాను. అట్టపుస్తకం కుట్టించక ముందు రాసుకున్న పాత నోటుపుస్తకం అందులో ఉంది. వాకర్ వీరరాఘవయ్య, ఇబ్రహీంపట్నం. ఆ పేరునుంచి మా వృక్షానికి గీసింది పెన్సిలు గీత. నిండు గీత కూడా కాదు, చుక్కలు చుక్కలుగా ఉంది. పక్కన నా చేత్తోనే ఒక ప్రశ్నార్థకం. "గోత్రం విచారించవలెను" అని కింద సన్నగా రాసి ఉంది.

విచారించలేదు. కొత్త పుస్తకంలోకి ఎత్తి రాసేటప్పుడు ఆ చుక్కలను కలిపి సిరాతో గీశాను. అందంగా ఉండాలని స్కేలు కూడా పెట్టాను. ప్రశ్నార్థకం ఎత్తి రాయలేదు. ఇతరుల రికార్డుల్లో ఇటువంటి పని పట్టుకుని ఎందరి చేత సంజాయిషీలు రాయించానో!

ప్రవల్లికను పిలిచి రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. చాలాసేపు చూసింది.

"అంటే మీరు అప్పుడే అనుమానించారు పెదతాతయ్యా."

"అనుమానించాను. తరువాత సంతోషించాను. తప్పు అక్కడ జరిగింది." ఎర్ర కలంతో స్కేలు పెట్టి ఆ గీతను కొట్టివేసి, పక్కన సంతకం చేశాను. "మీ నాన్నను రమ్మను. శుక్రవారం వచ్చేవాళ్ళకు నేనే ఫోను చేసి క్షమాపణ చెబుతాను." పిల్ల వంగి నా పాదాలు తాకి, గుమ్మం దగ్గర విడిచిన రెండు ఎడమ చెప్పులు చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

మైలల పేజీలు మాత్రం కొట్టలేదు. లేని చుట్టరికానికి పట్టిన మైలలే అయినా, పట్టిన మాట నిజం.

శ్రావణం వచ్చిన మూడోనాడు ఉదయం తలుపు చప్పుడైంది. రాఘవయ్య, వెంకాయమ్మ. ఆమె చేతిలో పళ్ళెం, పళ్ళు, పసుపు కుంకుమ. నలభై ఏళ్ళుగా నేరుగా వంటింటిదాకా వచ్చి మంచినీళ్ళు ముంచుకు తాగే మనిషి, ఆ రోజు గుమ్మం బయటే నిలబడ్డాడు.

"బావగారూ, లోపలికి రావచ్చాండీ?"

"ఇదేం వేషం?" అన్నాను.

"మగపెళ్ళివారమండీ. మర్యాద."

వెంకాయమ్మకు చిరాకు వేసింది. "ఇన్నాళ్ళూ ఈయన అన్నయ్యా అంటే నేను బావగారూ అన్నాను. ఇప్పుడీయన బావగారూ అంటే నేను అన్నయ్యగారూ అనాలట. పళ్ళెం బరువుగా ఉంది, ఎవరో ఒకరు ఏదో ఒకటి అని లోపలికి పిలవండి!"

అయినా రాఘవయ్య కదల్లేదు. తల గోక్కున్నాడు.

"ఒక్క సంగతి. పంతులుగారు లగ్నపత్రికకు గోత్రం అడుగుతారు. దారంతా అనుకుంటూనే వచ్చాను, తలుపు కొట్టేసరికి మళ్ళీ శౌనకే నోటికొచ్చింది. పెడనావిడ చెప్పిన పేరేమిటి?"

బల్ల దగ్గరకు వెళ్ళి చీటీ తీసుకున్నాను. పెద్ద అక్షరాలతో మాండవ్య గోత్రం అని రాశాను. ఈసారి దాని కింద చెప్పినవారి పేరు కూడా రాశాను: మాణిక్యమ్మగారు, కాలవగట్టు గుర్తు చూసి, పెడన. గుమ్మం దాటి బయటికి వెళ్ళి, చీటీ అతని జేబులో పెట్టి, భుజం మీద చెయ్యి వేశాను.

"లోపలికి రా తమ్ముడూ," అన్నాను.